పిసినారి చలి

మా అత్తగారు కాసిమిరాకు మోకాళ్ళు సరిగా పనిచేయవు గానీ నోటికి మాత్రం ఢోకా లేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి. బస్తా మోస్తుంటే సాయం పట్టబోయామా, ఆ బస్తాతోనే కొట్టేలా చూస్తుంది.

నేను కొచబాంబా లోయలో మొక్కజొన్న తిని పెరిగినవాణ్ణి. సజామా కొండ కిందికి ఇల్లరికం వచ్చిన ఏడాది, జూన్‌లో, అంటే మా వైపు నడి చలికాలంలో, ముక్కు ఊడిపడే చలి. చూన్యో అనే ఏడాదంతా నిలవుండే ఎండు దుంపల కోసం పొలంలో పరిచిన బంగాళదుంపలు మూడు రాత్రులు గడ్డకట్టాలి. ఆ తర్వాతే వాటిని తొక్కి, నీరు పిండి, ఎండబెడతారు. ఇంత చలికి మంచు కురిసి దుంపలు పాడవక మానతాయా అని, రెండో సాయంత్రమే దుంపలన్నీ ఎత్తేశాను. ఒక్క మంచు రేకు రాలితే ఒట్టు. ఊరంతా విరగబడి నవ్వింది.

"లోయల్లుడూ! కటిక చలి పిసినారిదయ్యా," అంది అత్తగారు. "దాని గుప్పిట్లో తడే ఉండదు, ఇక రాల్చేదేంటి? చలి కాస్త మెత్తబడి మబ్బు పట్టిందనుకో, అప్పుడు భయపడు. గంపలతో మంచు గుమ్మరిస్తుంది."

తొమ్మిదేళ్ళుగా నా పేరు లోయల్లుడే.

ఈ జూన్‌లో ఆమె జ్వరంతో మంచం పట్టింది. నా భార్య ఫెర్మీనా లామాలను తోలుకుని కొండ అవతలికి వెళ్ళింది. దుంపలు రెండు రాత్రులు గడ్డకట్టాయి. మూడో రోజు మధ్యాహ్నం పడమటి నుంచి మబ్బు వచ్చింది. గాలిలో కరుకుదనం పోయింది. బకెట్‌లో గడ్డకట్టిన నీళ్ళు కరిగిపోయాయి.

"హమ్మయ్య, ఇవాళ ప్రాణానికి హాయిగా ఉంది," అన్నాడు దారిన పోతున్న పొరుగాయన.

నాకు మాత్రం అత్తగారి పిసినారి చలి మాట గుర్తొచ్చింది. ఎత్తాక మంచు పడకపోతే మళ్ళీ తొమ్మిదేళ్ళ నవ్వు. ఎత్తకుండా వదిలేశాక మంచు పడితే, దాని కింద దుంపలు కుళ్ళి ఏడాది తిండి పోతుంది. అడుగుదామంటే అత్తగారు ఒళ్ళు తెలియకుండా పడుకుంది. ఇక తాత్సారం చేయకుండా, పొద్దుగూకే లోపు దుంపలన్నీ ఏరి కొట్టంలో గడ్డి కింద పరిచాను.

ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు టోపీ పెట్టుకుని, శాలువా బిగించి, టైరు చెప్పులతో మంచం అంచున కూర్చుని ఉంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఎక్కడికేంటి? దుంపలెత్తడానికి. నువ్వెలాగూ ఎత్తవుగా."

"ఎత్తేశాను."

ఆమె తలుపు వైపు చూసింది. బయట మంచు మొదలైంది, బరువుగా, ముద్దలు ముద్దలుగా. తర్వాత రెండు కాళ్ళూ నా వైపు చాపింది.

"చెప్పులు విప్పు నాయనా. వంగలేను."

తొమ్మిదేళ్ళలో ఆమె నన్ను అడిగిన మొదటి సాయం అది. పాదాలు జ్వరంతో కాలిపోతున్నాయి.