లిస్టులో అన్నయ్య పాట

మా బావ, అంటే అక్క మొగుడు, పాడతాడు. నేను లిస్టు రాస్తాను. ముప్పై నాలుగేళ్లుగా ఇదే నా ఉద్యోగం. షోకి ముందు పాటల వరుసని లావుపాటి నల్ల మార్కరుతో అయిదు కాగితాల మీద రాసి, ఒక్కొక్కరి కాళ్ల దగ్గర నేలకి టేపుతో అతికించాలి. స్టేజీ మీద ఎవరూ నోటితో చెప్పుకోరు. కాగితంలో ఏది ఉంటే అది మొదలుపెట్టడమే.

ఆ కాగితాలు చూస్తే చాలు, ఈ రాక్ బ్యాండు జాతకమంతా తెలిసిపోతుంది. మొదట్లో ఇరవై రెండు పాటలు, చీమతలకాయంత అక్షరాలు. జనం పాతవి కావాలని అరిచినా పొగరుగా కొత్తవే వాయించేవాళ్లు. ఇప్పుడు పద్నాలుగే. అన్నీ పాతవే, అక్షరాలు అరచేయంత. రెండు స్పీడు పాటలయ్యాక డ్రమ్స్ ఒక్కటే ఎనిమిది నిమిషాలు మోగుతాయి. జనం అదేదో కళ అనుకుని ఈలలు వేస్తారు. కళా లేదు, కాకరకాయా లేదు! మా బావ తెర వెనక కుర్చీలో కాళ్లు చాపుకుని ఆయాసపడుతుంటాడు. పాటలన్నిటికీ శ్రుతి రెండు మెట్లు దించారు. గొంతు పోయిందని మాత్రం ఒప్పుకోడు మహానుభావుడు.

ఇవన్నీ ఎలా ఏడిస్తే నాకేం? నా గొడవంతా ఒక్క పాట గురించే. అది మా అన్నయ్య కట్టింది. ఈ బ్యాండు పెట్టిందే అన్నయ్య. తను పోయిన కొత్తలో ఆ పాటతోనే షో ముగిసేది. పదేళ్లకి మధ్యలోకి జరిగింది. ఆ తర్వాత ఒక్క చరణం మిగిల్చి ఇంకో పాటకి తోకలా తగిలించారు. ఆఖరికి 'టైముంటే' అని పక్కన రాయించాడు బావ. టైము ఎప్పుడుంది కనక? కిందటి నెల అదీ కొట్టేశాడు.

"ఆ పాట ఎవడికి గుర్తుందే?" అన్నాడు.

"నీకు బ్యాండు అప్పజెప్పి పోయినవాడి పాట బావా అది!"

"ఏడుపు మొదలెట్టకు. చెప్పింది రాయి."

అక్కకి చెప్పుకుంటే, "మీ ఇద్దరి మధ్య నన్ను లాగకండి" అని టీవీ సౌండు పెంచింది. నా ఒళ్లు మండిపోయింది. మొన్న సాయంత్రం షోకి అయిదు కాగితాల్లోనూ పదకొండో నంబరుగా అన్నయ్య పాట, మొత్తం పాట, రాసి అతికించేశాను. ఏం పీక్కుంటాడో పీక్కోనీ అనుకున్నాను.

పదోది అయింది. గిటారు అతను కాగితం చూసి మొదలుపెట్టేశాడు. బావ నేలకేసి చూసి, పక్కన నిలబడ్డ నాకేసి కొరకొరా చూశాడు. అంతమందిలో ఏం చేస్తాడు? పాడాడు. ఒక్క మాట తప్పకుండా, బాగానే పాడాడు. పాపిష్టివాడు, తిట్టుకోవడానికి ఆ వంక కూడా మిగల్చలేదు నాకు.

జనం లేచారు. చప్పట్లకేమో అనుకున్నా. ముందు వరుసలోంచి ఇద్దరు, వెనక నుంచి ఇరవై మంది, ఆ తర్వాత బారులు బారులుగా కదిలారు. బాత్రూముల వైపు వెళ్తున్నారు. పాట అయ్యేసరికి అక్కడ పెద్ద క్యూ, ఇక్కడ ఖాళీ కుర్చీలు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు బావ తిడతాడని కాచుకుని కూర్చున్నాను. తిట్టలేదు. కొత్త లిస్టు నా ముందు పడేసి నవ్వాడు. పదకొండోది అన్నయ్య పాటే.

"ఉండనీవే. జనానికి బాత్రూముకి వెళ్లే టైము కావాలిగా? ఇకమీదట ప్రతి షోలోనూ ఉంచుదాం."

నేను అడిగిందే ఇచ్చాడు, దుర్మార్గుడు. మార్కరు మూత తీశాను. పది వరకు రాశాను. పదకొండు దగ్గర వేరే పాట రాసి, అయిదు కాగితాలూ అతని మొహాన కొట్టి వచ్చేశాను. ఇన్నేళ్లు పోట్లాడి, అన్నయ్య పాటని లిస్టులోంచి తీసేసింది చివరికి నేనే.