రఘుపతన్న బొట్టుబిళ్లలు

కదలని వస్తువు కనిపిస్తే చాలు, మా రఘుపతన్న దానికి బొట్టుబిళ్ల అంటిస్తాడు. గోడ, గేటు, కరెంటు స్తంభం, ఏదీ మినహాయింపు కాదు. గోదావరిఖని చౌరస్తా దగ్గర ఆయన స్టూడియో. పెళ్లి వీడియోల్లోకి కంప్యూటర్‌తో ఏనుగులు, రథాలు దింపడం పని. కాలేజీలో కూర్చోలేక డిగ్రీ వదిలేసి ఆయన దగ్గర చేరాను. ఇక్కడ కూర్చోనిచ్చేవాడే లేడు.

బిళ్లలకు కారణముంది. కెమెరా ఎటు ఎంత కదిలిందో కంప్యూటర్‌కు తెలిస్తేనే మనం పెట్టిన రథం నేల మీద నిలుస్తుంది. అది తెలియాలంటే కదలని గుర్తులు కావాలి. వట్టి సున్నం గోడకు గుర్తులేముంటాయి? అందుకే బిళ్లలు. తర్వాత వాటిని కంప్యూటర్‌లో చెరిపేస్తాం.

ఫ్యాన్సీ షాపు అనసూర్యక్క ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

“గిన్నిగనం కొంటవు. ఇంట్ల ఆడోళ్లు ఎంతమంది తమ్మీ?”

“ఒక్కలు గూడ లేరక్కా.”

ఆ రోజు నుంచి ఆమె చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి జరిపేది.

కమాన్‌పూర్ దారిలో ఒక బండరాయికి బిళ్లలు అంటించి చాయ్ తాగొచ్చాం. అప్పటికే దాని ముందు పసుపు, అగరుబత్తులు, కొబ్బరికాయ. “ఇగ తియ్యకురా, బాగుండదు,” అన్నాడు అన్న. ఆ రాయికి ఇప్పటికీ మంచి గిరాకీ.

చేరిన కొత్తలో నేనో బర్రెకు అంటించాను. పడుకునే ఉంది కదా అనుకున్నా. షాట్ మధ్యలో అది లేచింది. మేం పెట్టిన రాజభవనం దాని వెంటే వెళ్లి బురదలో దిగింది.

“ప్రాణమున్నదానికి పెట్టకురా! బర్రెకైనా, మనిషికైనా!” అని నెత్తి మీద ఒకటిచ్చాడు. మా స్టూడియోలో రాజ్యాంగం అదొక్కటే.

మొన్న బొగ్గుగనిలో డంపర్ లారీ నడిపే నర్సింగం కాక బిడ్డ సంధ్యారాణి పెళ్లి. మండపం వెనక బంగారు రథం దిగాలి. ముందుగా తీసిన ట్రయల్ షాట్‌లో రథం గనిలో బెల్టు మీద పోయే బొగ్గులా గడగడలాడింది. పరదాలు ఊగుతున్నాయి, సీరియల్ బల్బులు ఆరి వెలుగుతున్నాయి, కంప్యూటర్ దేన్ని పట్టుకోవాలి?

“ఫ్యాన్లు బంద్ చెయ్యుండ్రి!” అని అన్న అరిచాడు. మగపెళ్లివాళ్లు అంతకన్నా గట్టిగా అరిచారు. ఫ్యాన్లు తిరిగాయి. చివరికి మండపం గుంజలన్నిటికీ బిళ్లలు పడ్డాయి. రథం నిలిచింది.

“అయిపోయిందన్నా!”

అన్న మాత్రం ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. “పెండ్లిపిల్ల చూపు మాటిమాటికి గా కూలర్ దిక్కే ఎందుకు పోతున్నదిరా?”

కూలర్ వెనక కనకవ్వ ఉంది. నర్సింగం కాక తల్లి. తల్లిలేని సంధ్యారాణిని పెంచింది ఆమే. ముత్తయిదువ కాదు కాబట్టి తాళి కట్టేటప్పుడు ముందుకు రావద్దని పెళ్లికూతురి పెద్దమ్మ రాజకుమారి కట్టడి చేసింది. కాక డంపర్‌కు భయపడడు గానీ వదినెకు భయపడతాడు.

అన్న లేచాడు. “కాకా, రథం కూలేటట్టున్నది. మండపం ముంగట కదలకుంట కూసునే మనిషి గావాలె.”

“మా పిల్లలున్నరు గద!” అంది రాజకుమారి.

“పిల్లలు ఉరుకుతరు. మీరు తిరుగుతరు. పొద్దటిసంది కదలకుంట కూసున్నది గా అవ్వ ఒక్కతే,” అంటూ అన్న జేబులోంచి బిళ్ల తీశాడు.

“అన్నా, మనిషికి పెట్టొద్దని నువ్వే...” అన్నాను. నా కాలు ఆయన బూటు కింద నలిగింది.

“వద్దు బిడ్డా, నాకు బొట్టేంది?” అని కనకవ్వ వెనక్కి జరిగింది.

“బొట్టెవ్వలు పెట్టిండ్రవ్వా? గిది కంప్యూటర్ పని. జల్ది రా, ముహూర్తం పోతది!”

లక్షలు పెట్టిన వీడియో చెడుతుందంటే రాజకుమారి కూడా పక్కకు జరిగింది. నుదుట బిళ్లతో కనకవ్వ మండపం ముందు కూర్చుంది. తాళి పడుతుంటే సంధ్యారాణి చూపు ఇక ఎటూ పోలేదు.

స్టూడియోకు వచ్చాక చూస్తే, అన్న కనకవ్వ చుట్టూ గీత గీసి, ఈమెను లెక్కలోకి తీసుకోవద్దని కంప్యూటర్‌కు చెప్పేశాడు. రథాన్ని నిలబెట్టింది గుంజలే. బిళ్లలన్నీ చెరుపుతూ నేను ఆమె నుదుటి దాకా వచ్చాను.

“అది ఉండనియ్‌రా.”

వీడియో ఇచ్చిన వారానికి కనకవ్వ స్టూడియో మెట్లెక్కి వచ్చింది.

“రథం కదలలే గద బిడ్డా?”

“నీ పుణ్యమే అవ్వా.”

“దోమ కుట్టినా కదల్లే నేను!” అని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “మల్ల ఎవల పెండ్లున్నా పిలువుండ్రి. రాజకుమారి బిడ్డదే వస్తున్నది.”