ఫ్యాన్లు విప్పే పెదనాన్న

మా పెదనాన్నకు తిరిగే రెక్క కనబడితే చాలు, చేతులు ఊరుకునేవి కావు. పాము కనబడితే కర్ర వెతుక్కునేవాళ్ళు ఉంటారు. ఈయన ఫ్యాను కనబడితే స్క్రూడ్రైవరు వెతుక్కునేవాడు. వెతుక్కోవడం అని మాటవరసకు అన్నాను గానీ, అది ఎప్పుడూ చొక్కా జేబులోనే, కలం ఉండాల్సిన చోట ఉండేది.

ఆయన పనిచేసేది రాగి గొట్టాల వర్క్‌షాపులో. నీళ్ళు పోయే గొట్టాలు కావు, వేడిని మోసే గొట్టాలు. వాటి కథ ఆయన నోట వినని చుట్టం మా వైపు ఒక్కడూ లేడు.

"జానెడు గొట్టంరా. లోపలి గోడకంతా సన్నని రాగి జల్లెడ, దీపానికి వత్తిలాగా. నాలుగు చుక్కల నీళ్ళు పోసి, గాలంతా లాగేసి, మూతి నొక్కేస్తాం. ఒక కొస వేడెక్కిందా, నీళ్ళు ఆవిరై రెండో కొసకు పోతాయి. అక్కడ వేడి వదిలేసి మళ్ళీ నీళ్ళై, వత్తి పట్టుకుని వెనక్కి వస్తాయి. మోటారుందా? లేదు. రెక్కుందా? లేదు. చప్పుడుందా?"

ఇక్కడ ఆగి మన ముఖంలోకి చూసేవాడు. "లేదు పెదనాన్నా" అనేదాకా అన్నం తిననిచ్చేవాడు కాదు.

నేను కంప్యూటరు కొన్న కొత్తలో పెద్దమ్మను తీసుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఏమిట్రా ఆ రొద?"

"కంప్యూటరు ఫ్యాను, పెదనాన్నా."

"దేనికి?"

"వేడెక్కకుండా."

అంతే. నేను మంచినీళ్ళు తెచ్చేలోగా దాని పొట్ట విప్పేశాడు. మర్నాడు గొట్టాలూ రేకులూ తెచ్చి బిగించాడు. అవి పెట్టెలో పట్టక పైకి పొడుచుకొచ్చాయి. అబద్ధం ఎందుకు, ఆ కంప్యూటరు ఇప్పటికీ చడీచప్పుడూ లేకుండా పనిచేస్తోంది. ఆ రేకుల మీద మా అమ్మ చేతిగుడ్డలు ఆరేసుకుంటుంది.

వాళ్ళ పక్కింట్లో టీవీ కింది పెట్టెలో ఉండే ఫ్యానుకూ అదే గతి పట్టింది. పెద్దమ్మ జాకెట్లు కుట్టే టైలరమ్మ గదిలో అయితే పైనున్న ఫ్యాను విప్పుకుపోయి, కిటికీ పెద్దది చేయించి ఇచ్చాడు. ఆయన జోలికి పోనిది సెలూన్‌లో ఫ్యాను ఒక్కటే. ఎడ్లబండిలా కిర్రుమనే ఆ డొక్కు ఫ్యాను కింద పేపరు చదువుకుంటూ హాయిగా కూర్చునేవాడు. చేతిలో కత్తి ఉన్నవాడితో పెట్టుకోడులే అని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇక సొంతింట్లో ఫ్యాన్లన్నీ అటకెక్కాయి. ఫ్రిజ్ అమ్మేశాడు. ఒక ఎండాకాలం ఉండబట్టలేక అడిగాను.

"పెద్దమ్మ ఉడికిపోతోంది. ఆమెకు గొట్టం ఎక్కడ బిగిస్తారు?"

"మనిషికి బిగించక్కర్లేదురా, దేవుడు బిగించే పంపాడు. చెమట పడుతుంది, ఆరుతుంది, వేడి పోతుంది. మోటారుందా?"

"లేదు లెండి" అంది పెద్దమ్మ, విసనకర్రతో విసురుకుంటూ.

అలాంటి మనిషికి గుండెలో కవాటం పాడైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గొట్టం కథ చెప్పినా ఆయాసం. ఆపరేషన్ చేయకపోతే ఈ ఏడాది గడవడం కష్టమని డాక్టరు చెప్పాడు. పెదనాన్న అంతా విని, తనకు కావలసింది అడిగాడు.

"తర్వాత నన్ను పడుకోబెట్టే గదిలో మిషను ఉంటుందా?"

"ఊపిరి అందించే మిషను పెడతాం. ఒకటి రెండు రోజులు."

"చప్పుడు చేస్తుందా?"

"కొంచెం ఉంటుంది."

"దాన్ని విప్పి చూడనిస్తే గొట్టాలు పెట్టగలనేమో చెబుతాను."

డాక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. పెదనాన్న మాత్రం లేచి చెప్పులు వేసుకున్నాడు. "అయితే నాకీ ఆపరేషన్ వద్దు బాబూ" అన్నాడు.

నాకు కోపం నషాళానికంటింది. వరండాలో బెంచీ మీద కూలేసి కడిగేశాను.

"పిచ్చికైనా ఓ హద్దుండాలి పెదనాన్నా. మిషను చప్పుడుకి భయపడి ప్రాణం వదులుకుంటారా? సెలూన్‌లో ఆ డొక్కు ఫ్యాను కింద కూర్చోవడం లేదూ?"

"అక్కడికి మీ పెద్దమ్మ రాదు కదరా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు.

వాళ్ళకో కూతురుండేది. నాకు అక్క అవుతుంది. నేను పుట్టకముందే పోయింది, గోడ మీద ఫొటోలోనే చూశాను.

"దానికి ఊపిరితిత్తుల జబ్బు. ఆసుపత్రిలో మిషను పెట్టారు. అది గుర్రుమంటూనే ఉండేది. మీ పెద్దమ్మ ఆ మంచం పక్కనుంచి కదిలేది కాదు. ఆ రోజు గ్లాసు కడుక్కొస్తానని కుళాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడుండగానే గదిలో చప్పుడు ఆగిపోయింది. తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. అప్పటికే అంతా అయిపోయి, మిషను ఆపేశారు."

ఊపిరి అందేదాకా బెంచీ అంచు పట్టుకుని, మళ్ళీ అందుకున్నాడు.

"ఆ తర్వాత ఇంట్లో ఫ్యాను ఆపినా, కరెంటు పోయినా, వంటింట్లోంచి అలాగే తడి చేతులతో పరుగెత్తుకొచ్చేది. గుమ్మంలో నిలబడి గదంతా చూసి, ఏమీ అనకుండా వెనక్కి పోయేది. ఎన్నిసార్లని చూడనురా? తిరిగేది ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. తిరిగేదే లేకపోతే ఆగేదీ ఉండదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఫ్యాను విప్పిన ఇళ్ళన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. అన్నీ పెద్దమ్మ వెళ్ళి కూర్చునే ఇళ్ళే.

"ఇప్పుడు నన్ను ఆ మిషనుకు తగిలించి, పక్కన ఆమెను కూర్చోబెడతావా?" అన్నాడు. "నావల్ల కాదు."

మందులు తేవడానికి వెళ్ళిన పెద్దమ్మ మా వెనకే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో మేం చూసుకోలేదు.

"నాకు తెలియదనుకున్నారా? మొదటి ఫ్యాను విప్పిన రోజే తెలుసు."

పెదనాన్న తలెత్తాడు. "మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పను? నా కోసం ఇల్లంతా నిశ్శబ్దం చేస్తున్నారు. ఆ నిశ్శబ్దంలోనే నాకు అది మరీ గుర్తొచ్చేది. వద్దంటే మీ మనసు కష్టపడుతుందని ఊరుకున్నాను. పైగా ఉక్కపోత ఒకటి."

ఇన్నేళ్ళ చాకిరీ ఇలా తేలేసరికి పెదనాన్న ముఖం చూడాలి. నవ్వాలో ఏడవాలో తెలియక జేబులో స్క్రూడ్రైవరు తడుముకున్నాడు.

"మిషను ఆగుతుందే" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

"ఆగనివ్వండి. అప్పుడు నేను కుళాయి దగ్గరున్నాను. ఈసారి పక్కనే కూర్చుంటాను. పరుగెత్తుకు రావాల్సిన పని లేదు."

ఆపరేషన్ జరిగింది. మర్నాడు మధ్యాహ్నం మిషను తీసేస్తామన్నారు. గదిలోకి రానిచ్చిన దగ్గర్నుంచి పెద్దమ్మ ఆ కుర్చీ దిగలేదు. మంచినీళ్ళు కూడా నేనే తెచ్చిచ్చాను. డాక్టరు వచ్చి పెదనాన్న నోట్లోంచి గొట్టం తీసి, ఊపిరి బాగానే ఉందని చూసుకుని వెళ్ళాడు. నర్సు మిషను ఆపేసి పక్క మంచం దగ్గరికి పోయింది.

గదిలో చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ లేవలేదు. పెదనాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియక గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

అప్పుడు మంచం మీంచి మొదలైంది. ముందు సన్నగా ఈల, తర్వాత రంపం కోత, ఆ తర్వాత బండరాళ్ళు దొర్లినట్టు గురక. నర్సు కంగారుగా పరుగెత్తుకొచ్చింది.

"ఏం కాలేదమ్మా" అంది పెద్దమ్మ కళ్ళు తెరిచి. "ఇది ఈయన సొంతం. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో నన్ను నిద్రపుచ్చింది ఇదే."

"తల కాస్త పక్కకు తిప్పితే తగ్గుతుందండీ."

"వద్దు తల్లీ, తగ్గించకు."

పెద్దమ్మ కుర్చీ మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. ఆయన చేతి పక్కన తల ఆనించి, పట్టపగలు, ఆ రంపం కోత వింటూ నిద్రపోయింది.