కాశీలో వదిలిన కొరమీను

మల్లికార్జున ఇరవై ఎనిమిదేళ్లుగా ఢిల్లీలో ఒక సర్కారు కార్యాలయంలో తనిఖీ అధికారి. ఇతరుల పనిలో తప్పు పట్టుకున్నందుకు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం దొరకడం పూర్వజన్మ సుకృతమని ఆయన నమ్మకం. ఆ సుకృతాన్ని ఆఫీసుకే పరిమితం చేసుకునేంత స్వార్థపరుడు కాడు. ఇందిరాపురంలో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో గ్యాస్ కట్టేశారో లేదో మూడుసార్లు చూస్తాడు. తాళం వేశాక తలుపును నాలుగుసార్లు గుంజుతాడు. కూతురు ఇషిత చదువుతోందో లేదో అరగంటకోసారి గది తలుపు తోసి చూస్తాడు. ఆ పిల్లది పదకొండో తరగతి. తలుపు చప్పుడైనప్పుడల్లా పుస్తకం వైపు తల తిప్పడంలో మాత్రం ఎప్పుడో పట్టభద్రురాలైంది.

ఇలాంటి మనిషిని అదుపులో పెట్టగలిగింది లోకంలో ఒక్కరే, ఆయన తల్లి మాణిక్యాంబ. చేపలకు పేరుపడ్డ ఆకివీడు నుంచి వచ్చి పదేళ్లు వీళ్లతోనే ఉంది. నానమ్మ అనమని ఎంత నేర్పినా ఇషిత ఆవిణ్ని దాదీ అనే పిలిచేది. ఆదివారం ఆవిడ కొరమీను పులుసు పెడితే మల్లికార్జున పొయ్యి చుట్టూ పిల్లిలా తిరిగేవాడు. మూత తీసి చూసేవాడు. ముక్క ఉడికిందో లేదో చూద్దామని గరిటె అందుకునేవాడు.

“గరిటె పెట్టకురా సచ్చినోడా, ముక్క చితికిపోద్ది. దాని మానాన దాన్ని ఉడకనీ,” అని ఆవిడ చేతిమీద ఒక్కటి వేసేది. గుడ్డతో అంచులు పట్టుకుని గిన్నెను అటూ ఇటూ తిప్పడమే తప్ప చేపల పులుసులో ఆవిడ ఏనాడూ గరిటె పెట్టి ఎరగదు.

నిరుడు వేసవిలో ఆవిడ పోయింది. అస్థికలు కలపడానికి కాశీ వెళ్లారు. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలిపెట్టి రావాలి కదా. ఏం వదులుతారని పురోహితుడు అడగ్గానే మల్లికార్జున తడుముకోకుండా “కాకరకాయ” అన్నాడు.

“మీరెప్పుడు తిన్నారండీ, ఇప్పుడు వదలడానికి?” అంది పక్కనుంచి భార్య మైథిలి.

పురోహితుడు నవ్వాడు. రోజుకు ఎన్ని కాకరకాయలు గంగపాలవుతాయో ఆయనకు తెలియంది కాదు. మల్లికార్జున కాసేపు నీళ్లవైపు చూసి, “కొరమీను,” అన్నాడు. అమ్మ చేతిది కాని కొరమీను ఇక ఎవరు వండితే మాత్రం ఏం తింటాననిపించింది. పురోహితుడు మణికట్టుకు ఎర్రదారం కట్టాడు.

అంతవరకు బాగానే ఉంది. కానీ ఏ నియమాన్నైనా అక్షరం అక్షరం చదివి అందులో సందు వెతకడం ఆయన వృత్తి. మూణ్నెల్లు తిరక్కుండానే, రోహు చేప తెస్తానని గాజీపూర్ మండీకి వెళ్లి, నీలం డ్రమ్ములో తిరుగుతున్న మూరెడు కొరమీనును ప్రాణంతో ఇంటికి మోసుకొచ్చాడు.

“కాశీలో వదిలేశారుగా?” అంది మైథిలి.

“తిననన్నాను. పెంచనన్నానా?” అన్నాడు.

అలా హాల్లో టీవీ పక్కన నాలుగడుగుల గాజుతొట్టి వెలిసింది. రెండో రోజే కొరమీను అందులోంచి ఎగిరి, కాఫీకి వచ్చిన పక్కింటి ఆంటీ ఒళ్లో పడింది. ఆ ఆంటీ మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఆ చేప వల్ల ఇంటికి జరిగిన మేలు అదొక్కటేనని మైథిలి ఇప్పటికీ అంటుంది. తొట్టికి మూత వచ్చింది. మూత మీదికి బరువుగా మాణిక్యాంబగారి రుబ్బురోటి పొత్రం వచ్చింది.

ఎగరడం ఆగింది గానీ, ఎవరి నీడ పడినా చేప బెదిరి గాజుకేసి మూతి కొట్టుకునేది. అది దాక్కోవడానికి మొక్కలుండాలని మల్లికార్జున ఫోన్లో చదివాడు. అక్వేరియం దుకాణంలో భయ్యా తల అడ్డంగా ఊపాడు. “సర్ జీ, ఇత్నీ బడీ మఛ్లీ కే సాథ్ పౌధే నహీ టికేంగే.” ఇంత పెద్ద చేపతో మొక్కలు నిలవవు, అంగుళం పొడుగు మెరిసే చేపలు తీసుకెళ్లమన్నాడు. అంగుళం చేపను చేప అని ఒప్పుకుంటే ఆకివీడు పరువేం కావాలి? మల్లికార్జున ఇసుక పరిచాడు, లైటు బిగించాడు, రిబ్బన్లలా పొడుగ్గా పెరిగే నీటిగడ్డి ఏడు కుదుళ్లు స్వయంగా నాటాడు.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండు కుదుళ్లు పైకి తేలి ఉన్నాయి. ఆ మర్నాటికి నాలుగు. మళ్లీ నాటాడు, మళ్లీ తేలాయి. నేరస్థుడెవరో తేల్చడానికి ఆయనకు అరనిమిషం పట్టలేదు. తొట్టిలో ఉన్నది ఒక్కటే ప్రాణి, దానికి నోరా లేదు. ఇంత తేలికైన విచారణ ఆయన సర్వీసు మొత్తంలో తగల్లేదు. “దొంగముండా, నీ కోసమేగా నాటుతున్నాను!” అని రోజూ తిట్టేవాడు. కొరమీను ఫిల్టరు వెనక ముడుచుకుని వినేది.

తనవైపు నుంచి మాత్రం ఏ లోపమూ రానివ్వలేదు. రోజూ పొద్దున్న ఆరున్నరకు, మైథిలి వంటింట్లో టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే, చొక్కా చెయ్యి పైకి మడిచి ప్రతి మొక్కనూ పరీక్షించేవాడు. ఇంత శ్రద్ధగా చూసుకునే యజమాని ఆ గడ్డికి ఏడేడు జన్మలెత్తినా దొరకడు.

రెండు నెలలు గడిచాయి. తేలిన ఆకులు కుళ్లి ఫిల్టరు మూసుకుపోయింది. హాలంతా యమునా తీరం వాసన. మైథిలికి ఓపిక నశించింది.

“దీపావళి దాకా చూస్తాను. అప్పటికి ఒక్కటంటే ఒక్క మొక్క నిలబడితే మీ చేప ఉంటుంది. లేదా, ఎక్కణ్నుంచి తెచ్చారో అక్కడికే.”

అక్కడంటే గాజీపూర్. అక్కడ చేపను అందం చూడ్డానికి ఎవరూ కొనరు. మల్లికార్జునకు ఆ రాత్రి ముద్ద దిగలేదు. ఇంట్లో అమ్మవి అని చెప్పుకోవడానికి మిగిలింది ఓ పొత్రం, దాని కింద ఈ చేప. రెండోదాన్ని తన చేత్తోనే కత్తికి అప్పగించి రావాలి. భయం వేసింది. భయం వేస్తే ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. పొద్దున ఒకసారి చేసే తనిఖీ సాయంత్రం కూడా మొదలుపెట్టాడు.

దీపావళికి ముందు శనివారం ఏడు కుదుళ్లూ ఒకేసారి తేలాయి. మల్లికార్జున సోఫాలో కూలబడి, “ఇక లాభం లేదు. దీని బుద్ధే అంత,” అన్నాడు. కళ్లు మాత్రం తొట్టి మీంచి తియ్యలేదు.

ఇషిత ఇన్నాళ్లూ ఈ గొడవలో తలదూర్చలేదు. తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే ఇస్తుంది. “పాపా, ప్రూఫ్ హై ఆప్‌కే పాస్?” అంది. సాక్ష్యముందా అని తనిఖీ అధికారిని ఇంతవరకు అడిగినవాళ్లు లేరు. ఆ పిల్ల కుదుళ్లన్నీ తానే నాటి, పాత ఫోన్‌ను టీవీ స్టాండుకు ఆనించి, వీడియో పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం, భోజనాలయ్యాక, ముగ్గురూ టీవీలో ఆ వీడియో చూశారు. ఇషిత తొందరగా నడిపించింది. రాత్రంతా కొరమీను గడ్డిలో కదలకుండా పడుకుంది. ఊపిరికోసం అప్పుడప్పుడూ పైకొచ్చి, ఒక్క ఆకు కూడా కదలకుండా కిందికి దిగింది. తెల్లారింది. ఆరూ ముప్ఫై రెండుకు నీళ్లలోకి ఒక చెయ్యి దిగింది. రోమాల చెయ్యి, మణికట్టుకు కాశీ దారం. ఆ చెయ్యి మొదటి కుదురును పెరికి పైకి తీసింది, తలకిందులు చేసి కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూసింది, మళ్లీ ఇసుకలో గుచ్చింది. తర్వాత రెండోది. అలా ఏడూ అయ్యాయి. కొరమీను ఎప్పుడో ఫిల్టరు వెనక్కి పారిపోయింది.

“పాపా, యే తో ఆప్ హో,” అంది ఇషిత.

“అది పీకడం కాదు. వేరు పట్టిందో లేదో చూడాలి కదా!”

“రోజూ పీకి చూస్తుంటే వేరెప్పుడు పడుతుందండీ, మీ రిటైర్మెంటుకా?” అంది మైథిలి.

ఇరవై ఎనిమిదేళ్లలో ఎంతోమంది చేత సంజాయిషీలు రాయించుకున్న మనిషి, దారం కట్టిన మణికట్టును చొక్కా చేతిలోకి లాక్కున్నాడు. మైథిలి ఆయన ముఖం చూసి, గడువును కార్తీక పౌర్ణమికి పొడిగించింది. షరతు ఒకటే, ఆయన చెయ్యి నీళ్లలో పడకూడదు.

ఆ పదిహేను రోజులూ ఆయన పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. ఆరున్నరకు అలవాటుగా చొక్కా చెయ్యి మడిచేవాడు, మళ్లీ విప్పేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని తొట్టి ముందు నిలబడేవాడు. ఆరో రోజున ఒక్క కుదురూ తేలలేదు. పదో రోజున కొరమీను ఫిల్టరు వెనక నుంచి వచ్చి, ఆయన ఎదురుగా గడ్డిలో ఆగి, గాజులోంచి ఆయన్నే చూసింది. ఆయనకు కళ్లు చెమర్చాయి. లైటు కళ్లలో పడుతోందన్నాడు.

పౌర్ణమి సాయంత్రం మైథిలి బాల్కనీలో దీపాలు పెట్టి వచ్చి, “ఏవండీ, గడువు అయింది. ఒకటి లాగి చూడండి, పట్టిందో లేదో,” అంది.

మల్లికార్జున కదల్లేదు.

తండ్రి చూడకపోతే తానే చూద్దామని ఇషిత పొత్రం జరిపి, మూత ఎత్తి, చెయ్యి ముంచబోయింది. మల్లికార్జున ఆ చేతిమీద ఒక్కటి వేశాడు.

“చెయ్యి పెట్టకే సచ్చినదానా. దాని మానాన దాన్ని ఉండనీ.”

అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డాడు.

“దాదీ,” అంది ఇషిత మెల్లగా.

ఆయన మూత దించి, పొత్రం మళ్లీ దానిమీద పెట్టాడు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి గ్యాస్ కట్టేశారో లేదో చూశాడు. ఒక్కసారే చూశాడు. ఎంతసేపటికీ హాల్లోకి రాకపోతే మైథిలి వెళ్లి చూసింది. మల్లికార్జున చల్లారిన పొయ్యి దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు.