ఆ పటంలో కళ్ళు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. బరువే. కానీ దాని కింద నలిగిపోయానంటే అదింకో అబద్ధమవుతుంది. సుఖంగానే తిన్నాను, నిద్రపోయాను. ఇప్పుడది మ్యూజియం గోడెక్కింది. అందుకే మీతో చెబుతున్నాను. మీరు నన్నెరగరు, నాకు అదే ధైర్యం.

వాషర్‌మెన్‌పేట్‌లో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. పోయినవాళ్ళ పటాలు గీసేవాణ్ణి. బతికుండగా ఫోటో దిగని మనిషి చనిపోతే, శవాన్ని కూర్చోబెట్టి ఫోటో తీయించేవారు. దాన్ని చూసి, కళ్ళు తెరిచినట్టు రంగుల్లో గీసివ్వాలి. అందులో మోసం లేదు. ఇంటివాళ్ళే పక్కన కూర్చుని, ఇంకాస్త పెద్ద కళ్ళు, ఇంకాస్త చల్లని చూపు అని చెప్పేవారు.

ఒకమ్మాయికి మాత్రం అలా చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. తల్లి పోయేనాటికి ఉయ్యాల్లో ఉందట. పెంచిన మేనత్త కూడా పోయాక, తల్లి శవం ఫోటో ఒక్కటి పట్టుకుని తొండియార్‌పేట నుంచి వచ్చింది. గీసిచ్చాను. చాలాసేపు చూసింది.

“అన్నా, మా యమ్మ కండ్లు నిజంగా ఇట్లే ఉండేవా? మీరు చూసుండారా?”

లేదంటే సరిపోయేది. ఊహించి గీశానంటే తీసుకెళ్ళకపోయేదా? తీసుకెళ్ళేదే. మరెందుకు నోరు జారాను? ఆ పిల్ల మొహం చూడలేకనా, నా పనితనం మీద మోజుతోనా? రెండూ అనుకుంటాను. రెండోదే ఎక్కువ.

“చూసినానమ్మా. ఆడ మార్కెట్టుకు వస్తా ఉండింది. ఇవే కండ్లు.”

ఆమె పటాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది. వాళ్ళమ్మను నేను ఎన్నడూ చూడలేదు. ఆ కళ్ళు మా ఆవిడవి.

మొన్న మ్యూజియంలో, జమీందార్ల తైలవర్ణ చిత్రాలు దాటాక, ఈ కాలపు మనుషుల పటాల నడుమ దాన్ని చూశాను. కూతురే ఇచ్చిందట. ‘ఆమెను ఎరిగిన చిత్రకారుడు గీసినది’ అని కింద రాశారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నా అబద్ధం కూడా నిలకడగానే ఉంది, అద్దం వెనక. సిగ్గేసింది. గర్వంగానూ అనిపించింది, దాచను. జమీందార్లు మన తలల మీదుగా ఎటో చూస్తారు. ఈవిడ మాత్రం నేరుగా మనల్నే చూస్తుంది, అన్నం తిన్నావా అని అడగబోతున్నట్టు.

మా ఆవిడ నా పక్కనే నిలబడి చూసింది.

“పాపం, మంచి మనిషి మాదిరి ఉండాదే,” అంది.

నేను పక్క పటం వైపు నడిచాను.

ఆ అమ్మాయికి ఇప్పుడు పిల్లలుండవచ్చు. అమ్మమ్మ చూపంటూ వాళ్ళకు మ్యూజియంలో ఇదే చూపిస్తుంటుంది. నిజం చెబితే ఆ తల్లి కళ్ళు మళ్ళీ మూతపడతాయి. చెప్పకుండా ఉండే హక్కు నాకుందా? లేదు. అయినా వెళ్ళలేదు. వెళతానని మీకు మాటివ్వను కూడా.

మ్యూజియం నుంచి వచ్చినప్పటి నుంచీ మా ఆవిడ వడ్డిస్తుంటే తలెత్తి చూడలేకపోయాను. ఇవాళ ఇంతవరకూ రాసి, వెళ్ళి భోజనానికి కూర్చున్నాను. తలెత్తి ఆ కళ్ళలోకి చూశాను.