తడి బాబాయి అరచెయ్యి

ఆ వీధిలో వానను తిట్టుకోనివాడు ఒక్కడే. రోడ్డు పనివాళ్లలో అందరికన్నా పెద్దవాడు, ఊరూవాడా తడి బాబాయి అని పిలిచే మనిషి.

వీధంతా తవ్వి కంకర పరిచి మూడు నెలలైంది. మొగదల బోర్డు మీద పని పూర్తయ్యే తేదీని నాలుగుసార్లు చెరిపి రాశారు. ఐదోసారి రాసే ఓపిక లేక తెల్లరంగు పూసి వదిలేశారు. పై అధికారులు చెప్పినవాటిలో నిజానికి కాస్త దగ్గరగా ఉన్నది ఆ తెల్లరంగే. తడి కంకర మీద తారు వేస్తే నిలవదు. వేద్దామనుకున్నప్పుడల్లా మబ్బు దిగేది. జనం చెప్పులు చేతబట్టుకుని, గోడల వెంట పాకినట్టు నడుస్తూ, వాననూ రోడ్డునూ కలిపి కడిగేసేవారు.

కంకర ఆరిందో లేదో చెప్పడం బాబాయి పని. పొద్దున్నే ఇరవై అడుగులకోసారి వంగి, అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. పైకి తెల్లగా ఆరినట్టుండి అడుగున తడి దాచుకున్న చోటు ఆ చేతికి ఇట్టే దొరికిపోయేది. అతను "ఆరింది" అంటేనే మేస్త్రీ ఫోన్ చేసేవాడు, వేడి తారు లారీ బయల్దేరేది. బయల్దేరిన తారును వెనక్కి పంపడం ఉండదు. పార ఎత్తే సత్తువ పోయి ఐదేళ్లయినా అతన్ని పనిలో నిలబెట్టింది ఆ చెయ్యే.

ఆ చెయ్యి మొద్దుబారింది. ఎప్పుడు మొదలైందో అతనికీ తెలియదు. ఒకరోజు పొయ్యి మీది గిన్నె దించి, చేత్తో పట్టుకుని తీరిగ్గా కబుర్లు చెబుతున్నాడు. భార్య కెవ్వుమంది.

"కాలుతోందయ్యా! చెయ్యా అది, చెక్క గరిటా?"

"కాలుతోందా?" అన్నాడు, పక్కింటి సంగతి అడిగినట్టు.

ఆవిడ ఆ చేతిని నీళ్లలో ముంచి, వేళ్లు ఒక్కొక్కటే గిల్లి చూసింది. కాసేపు వేళాకోళం ఆపేసింది.

"మేస్త్రీకి చెప్పు."

"చెబితే ఇంటికి పొమ్మంటాడు."

"రా మరి. పప్పులో రాళ్లేరుదువుగాని. పుట్టినప్పట్నుంచీ నీకు రాళ్లతోనేగా కాపురం."

చెప్పలేదు. వాన అతన్ని దాచిపెట్టింది. వాన కురిసిన రోజు అతని చేతితో ఎవరికీ పని లేదు. ఆగి ఉన్న రోలర్ మీద కప్పిన టార్పాలిన్ కింద కూర్చుని వీధిని చూసేవాడు. కిటికీల వెలుగులు నీళ్లలోకి జారి, సాగి, మెల్లగా ఊగేవి. ఇళ్లన్నీ తాళ్లు విప్పుకుని ఎటో బయల్దేరబోయే పడవల్లా కనిపించేవి. ఈ వీధి ఒకప్పుడు ఏరు అయి ఉంటుంది, నిద్రలో పాత దారి వెతుక్కుంటోంది అనుకునేవాడు. ఆ చప్పుడులో అతనికీ కునుకు పట్టేది. కలలో చేతికి చల్లదనం తగిలేది.

మధ్యలో ఒక్కరోజు ఎండ కాసింది. చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు, శూన్యం. అందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. "ఆరింది" అనేశాడు. దర్జీ కొట్టు ముందు ముప్పై అడుగులు తారు వేశారు. పది రోజులకల్లా అది ఎండిన పుండు పైపొరలా లేచిపోయింది. మేస్త్రీ తప్పు వానదన్నాడు, ఇంజనీరు తారుదన్నాడు, దర్జీ అందరిదీ అన్నాడు. బాబాయిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అన్నం సహించక ఆ పూట అతను కంచం ముందు నుంచి లేచాడు.

తర్వాత మళ్లీ ముసురు. ఆ ముసురు విడిచిన మూడో రోజున, మబ్బు తునక లేని ఆకాశం కింద కంకర తెల్లగా మెరుస్తోంది.

"వాన సెలవు పెట్టింది బాబాయ్!" అని రోలర్ డ్రైవర్ టార్పాలిన్ లాగేశాడు. "ఇక లే. నీ చెయ్యి నిద్ర లేపు."

మేస్త్రీ ఫోన్ చెవికి ఆనించుకునే వచ్చాడు. అవతల ఇంజనీరు. "ఇదిగో సార్, ఒక్క నిమిషం, మా బాబాయి చూస్తున్నాడు."

బాబాయి వంగాడు. చెయ్యి పెట్టాడు. దర్జీ కొట్టు ముందు నల్లటి పెచ్చులు ఎదురుగా కనిపిస్తున్నాయి. చెయ్యి తీసేశాడు. మోకాళ్ల మీద కూర్చుని, మెల్లగా పక్కకు ఒరిగి, కంకర మీద చెంప ఆనించి పడుకున్నాడు.

"అయ్యో, కళ్లు తిరిగాయా ఏంటి?" దర్జీ పరుగెత్తుకొచ్చాడు.

"కాదులే, లెమ్మని మొత్తుకున్నా వినకుండా నిద్రపోతున్నాడు," అన్నాడు డ్రైవర్.

బాబాయికి అవేవీ వినబడలేదు. పైన రాళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం అడుగు నుంచి సన్నటి చలి ఒకటి, ఊపిరిలా, చెంపను తాకుతోంది. ఎన్నాళ్లకో కనిపించిన మనిషిని గుర్తుపట్టినట్టు అతని ముఖం విచ్చుకుంది.

"తడి ఉంది," అన్నాడు లేవకుండానే.

"ఇంత ఎండలోనా?" మేస్త్రీ గునపం తెచ్చి పొడిచాడు. నాలుగు వేళ్ల లోతున రాళ్లు నల్లగా చెమ్మగిల్లి ఉన్నాయి. ఫోన్‌లో "రేపు చూద్దాం సార్" అని, అవతలి కేకలు పూర్తిగా విని, పెట్టేశాడు. అప్పుడు బాబాయి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"చేతికేమైంది?"

"స్పర్శ లేదు. తెలిసి రెండు నెలలైంది." బాబాయి కొట్టు వైపు చూపించాడు. "ఆ ముక్క నావల్లే పోయింది."

మేస్త్రీ గునపం పక్కన పడేశాడు.

"ముందే ఏడవచ్చుగా ఆ మాట! రేపట్నుంచి అరమైలు పొర్లుతావా ఏంటి?" అని విసుక్కుంటూ మేస్త్రీ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాకు చూపించు. ఎట్లా పెట్టాలి?"

బాబాయి లేచి కూర్చున్నాడు. మేస్త్రీ చేతిని కంకర మీద పరిచి, పైన తన చెయ్యి పెట్టి నొక్కాడు. అతనికి రాయీ తెలియలేదు, ఆ చెయ్యీ తెలియలేదు.

"కళ్లు మూసుకో. తొందరపడకు. పైన వేడి సంగతి వదిలెయ్యి."

మేస్త్రీ మూసుకున్నాడు. కాసేపటికి, "ఏదో చల్లగా ఉంది," అన్నాడు.

"ఎట్లాంటి చల్లన?" బాబాయి మరింత ముందుకు వంగాడు. "చెప్పు, అన్నీ చెప్పు."