తవుడుకు అమ్మిన ఖాసిం

ఊదు పొగ వాసన ఎక్కడ తగిలినా నాకు దేవుడు గుర్తు రాడు, మా తమ్ముడి మెడ గుర్తొస్తుంది. మొన్న ఒక బట్టల షాపులో ధూపం డబ్బా ఊపుకుంటూ ఒకాయన బల్లల మధ్య తిరుగుతుంటే, చేతిలో ఉన్న చీర అలాగే వదిలేసి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. షాపు అమ్మాయి పాపం నాకు పొగ పడలేదనుకుని మంచినీళ్ళు తెచ్చింది. పడకపోవడమేమిటి, ఆ పొగలోనే పెరిగాం. ప్రతి గురువారం మా అమ్మ వాణ్ణి కొండ మీది దర్గాకు తీసుకెళ్ళి, నెమలీకల కట్టతో తల నిమిరించి, ఊదు పట్టించి తెచ్చేది. ఇంటికొచ్చాక వాడు నా పక్కన చతికిలబడితే ఊదూ, కొబ్బరినూనే, మెట్లెక్కిన చెమటా కలిసిన వాసన వాడి మెడ దగ్గర వచ్చేది. వాడి పేరు ఖాసిం. ఇంట్లో సింహాచలం అప్పన్న పటం, ఇంటిపేరు పద్మనాభం వైపు రైతుల ఇంటిపేరు, పిల్లాడి పేరు మాత్రం అరబ్బీ పేరు. బడిలో హాజరు పిలిచే మేష్టార్లందరూ ఒక్క క్షణం ఆగి, కళ్ళజోడు పైనుంచి వాడి మొహం చూసి అప్పుడు పిలిచేవారు.

పోర్టుకు ఆనుకుని, మూడు కొండల కింద, పాతనగరంలో ఒక సందులో ఉండేవాళ్ళం. మా నాన్న పోర్టులో ఖలాసీ. తొంభైలలో ఆ సందు ఎలా ఉండేదంటే, పొద్దున్న ఉతికి ఆరేసిన తెల్ల లంగా మధ్యాహ్నానికి ఇనపరాతి దుమ్ము పట్టి ఇటుకరంగులోకి తిరిగేది. అమ్మ దాన్ని తీగ మీంచి లాగి దులుపుతూ ఓడల్నీ, రైలు వేగన్లనీ, వాటిలో ఉద్యోగం చేస్తున్న నాన్ననీ కలిపి తిట్టేది. ఎండాకాలం గుమ్మం ముందుకు తాటిముంజల కావిడి వచ్చేది, ముంజె పొట్టు తీయకుండానే మింగేసేవాళ్ళం. వానాకాలం సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి కొట్టి తలుపు గొళ్ళేలు తుప్పు పట్టి బిగుసుకుపోయేవి. నెత్తళ్ళ చేపలు ఎండబెట్టిన మేడల మీద కాకులు, వాటిని తోలడానికి కర్ర పట్టుకుని కూర్చున్న ముసలమ్మలు, మధ్య మధ్య కడుపులోంచి వచ్చినట్టు ఓడ కూత. నాగుల చవితికి మా నాయనమ్మ రోట్లో నువ్వులూ బెల్లం వేసి చిమ్మిలి దంచుతుంటే, రోలు చుట్టూ మేమిద్దరం పిల్లుల్లా తిరిగేవాళ్ళం. పీర్ల పండగకి పక్క వీధిలోంచి మలీద వచ్చేది, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన ముద్ద. అది ఎవరి పండగ అని అడగాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. తీపి ఎక్కడి నుంచి వస్తే అది మా పండగ.

వాడికి ఆ పేరు ఎందుకొచ్చిందో నాయనమ్మ చిమ్మిలి దంచుతూ ఎన్నిసార్లు చెప్పిందో. నా తర్వాత మా అమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. మా వైపు అలాంటి ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, వాణ్ణి చేటలో పడుకోబెట్టి గుప్పెడు తవుడుకు ఎవరికైనా అమ్మేస్తారు. అమ్మేసిన బిడ్డ మన బిడ్డ కాదు కాబట్టి చావు మన గుమ్మం తొక్కి వాణ్ణి వెతకదు. తర్వాత కాస్త పెరిగాక మళ్ళీ గుప్పెడు తవుడిచ్చి వెనక్కి కొనుక్కుంటారు. మా ఊళ్ళలో తవుడమ్మలూ, తవిటయ్యలూ అలా పుట్టినవాళ్ళే. మా తమ్ముణ్ణి కొన్నది కొండ మెట్ల మొదట్లో ఊదు, గులాబీలు, చక్కెర పొట్లాలు అమ్మే సాహెబు తాత. గుప్పెడు తవుడు మా అమ్మ కొంగులో పోసి, బిడ్డ చెవిలో ఏదో చదివి, తన ఇంట్లో ఉన్న పేరొకటి పెట్టాడు. చిన్నప్పుడే పోయిన తన తమ్ముడి పేరట అది. ఆ సంగతి మా అమ్మకి అప్పుడు తెలియదు.

తెలిసినా ఏం చేసేదిలే. వాడు బతికాడు, అదొక్కటే ఆవిడకు కావలసింది. అయితే అందరూ చేసే పని మా అమ్మ చేయలేదు. ఏడాది తిరిగినా, రెండేళ్ళు తిరిగినా వాణ్ణి వెనక్కి కొనుక్కోలేదు.

"ఎనక్కి తెచ్చీయే కోడలా, అరువు బిడ్డలాగ ఎన్నాళ్ళుంచుతావు?" అని నాయనమ్మ పోరేది.

"కొన్నానంటే మన పిల్లడని తెలిసిపోద్ది అత్తా. దానికి మన గుమ్మం తెలుసు," అనేది అమ్మ. చావు పేరు కూడా ఎత్తేది కాదు, 'దానికి' అనేది, సందు చివర కట్టేసిన కుక్క గురించి చెప్పినట్టు.

వాడికి ఏడెనిమిదేళ్ళప్పుడు గొంతు నొప్పితో మొదలై కీళ్ళు వాచాయి, కీళ్ళు తగ్గాక గుండె పట్టుకుంది. గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. పరిగెత్తకూడదు, మెట్లెక్కకూడదు, క్రమం తప్పకుండా సూది వేయించుకోవాలి. మెట్లు మాత్రం అమ్మ మానిపించలేదు, గురువారం చంకనెత్తుకుని ఎక్కేది. అంత పొడుగు గుంటడు తల్లి చంకలో కాళ్ళు వేలాడేసుకుని వెళ్తుంటే సందులో పిల్లలు నవ్వేవారు. నేను వెనకాల చెప్పులు పట్టుకుని నడుస్తూ వాళ్ళని కొరకొరా చూసేదాన్ని.

పరుగు పోయాక వాడికి మిగిలినవి గోళీలు. కూర్చుని ఆడే ఆట. బొటనవేలు నేలకి ఆనించి, మధ్యవేలు వెనక్కి వంచి కొడితే సందు ఈ చివర నుంచి ఆ చివరి గోళీ ఎగిరిపోవలసిందే. గెలిచిన గోళీలన్నీ పిల్లలకి తిరిగి పంచేసేవాడు. కొన్నిటిని మాత్రం రేకు డబ్బాలో దాచుకునేవాడు, వాటిని ఎప్పుడూ పందెంలో పెట్టలేదు. అవి ఖాసింలు. తన పేరున్న మనుషులు ఎక్కడ దొరికితే అక్కడ ఒక గోళీకి ఆ మనిషిని పెట్టుకునేవాడు. మొదటిది పాలరంగు చిన్న గోళీ, ప్రవక్తగారి తొలి కొడుకు ఖాసిం. నడక నేర్చే వయసులో పోయిన బిడ్డ అని సాహెబు తాత చెప్పాడు. పచ్చది, కర్బలా యుద్ధానికి వెళ్ళి కుర్రతనంలోనే పోయిన ఖాసిం. పీర్ల పండగలో పెళ్ళికొడుకులాగా పూలు చుట్టి ఊరేగించే పీరు ఆయనదే. అంచు విరిగినది బెంగాల్ నవాబు. వాడి సాంఘిక పుస్తకంలోనే దొరికాడు, కుంపిణీ వాళ్ళతో పోట్లాడి ఓడి, రాజ్యం పోయి, దిక్కులేకుండా తిరిగి చనిపోయాడు. పాఠం చదివి వినిపించింది నేనే. సింధు మీదికి దండెత్తి వచ్చిన ఒక పడుచు సేనాని గురించి చదివినప్పుడు వాడు చాలాసేపు ఆలోచించి, "ఆడు ఖాసిం కాడప్పా, ఖాసిం కొడుకు. ఆడికి గోళీ లేదు," అని తేల్చేశాడు. ఆ సేనాని కూడా ఇరవై ఏళ్ళకే పోయాడని మా ఇద్దరికీ ఆ కింది పేరాలో తెలిసింది.

మా సందులో అక్కని అప్ప అంటారు. ఒకరోజు గుమ్మంలో కూర్చుని గోళీలు వరసగా పెట్టుకుని, నా వంక చూడకుండా అడిగాడు.

"అప్పా, నా పేరున్నోళ్ళందరూ కుర్రోళ్ళప్పుడే సచ్చిపోనారేటి?"

"నవాబు పోలేదు కదరా."

"ఆడు ఓడిపోనాడు." డబ్బాలోంచి పెద్ద నీలం గోళీ తీశాడు. ఎండలో పెడితే లోపల సముద్రం ఉన్నట్టుండేది. "ఇది ముసిలి ఖాసింకి. గెడ్డం నెరిసిపోయి, కర్ర పట్టుకుని నడిసీ ఖాసిం. ఒక్కడైనా ఉండడేటి? ఎతికి పెట్టవా?"

అప్పటికి నేను తొమ్మిదో తరగతి. ఆ మాట తర్వాత నాకు పుస్తకం కనబడితే చాలు, 'ఖ' కోసం కళ్ళు పరిగెత్తేవి. బజ్జీలు చుట్టిచ్చిన కాగితం కూడా నూనె తుడిచి చదివేదాన్ని. సాహెబు తాతని అడిగితే గడ్డం గోక్కుని, "ఉంటారు బేటీ, ఎందుకుండరు? ఊళ్ళో ముసలాళ్ళ గురించి ఎవరు చెప్పుకుంటారు? పోయిన పిల్లల గురించే కద చెప్పుకునేది," అన్నాడు. అది నిజమే, కానీ నిజంతో గోళీకి పేరు పెట్టలేం. తమ్ముడు మాత్రం రోజూ నేను బడి నుంచి రాగానే కళ్ళతోనే అడిగేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "పోన్లే, ఉంటాడు ఎక్కడో," అనేవాడు, వాడే నన్ను ఓదార్చినట్టు.

ఆ ఏడాది వానలు తగ్గుతున్న రోజుల్లో వాడి కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు, ముందు కాస్త బలం రావాలన్నారు. బలం రాలేదు. నాయనమ్మ పంతం పట్టి గుప్పెడు తవుడు మూటగట్టి అమ్మ ముందు పెట్టింది. "ఆ పేరున్నోళ్ళందరూ పోనారంట, గుంటడే సెప్తన్నాడు. ఎనక్కి తెచ్చీసి మన పేరెట్టుకుందాం." అమ్మ ఆ మూట కాలితో పక్కకి నెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇన్నాళ్ళు దాచిన బిడ్డని ఇప్పుడు బయటపెట్టుకోమంటే ఏ తల్లికి చేతులొస్తాయి? నాన్న గుమ్మంలో కూర్చుని బీడీ మీద బీడీ కాల్చాడు.

వాడు ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే పోయాడు, పట్టపగలు, నేను వాడికి బత్తాయి తొనలు ఒలుస్తుండగా. నోట్లో పెట్టిన తొన నమల్లేదు. అంతే.

సందంతా వచ్చింది. పద్మనాభం నుంచి బస్సెక్కి చుట్టాలొచ్చారు. సాహెబు తాత కొట్టు మూసి, తలకి రుమాలు చుట్టుకుని, అరుగు కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి రాకుండా అక్కడే నిలబడి ఏడుస్తున్నాడు. పాడె కట్టడం అయింది. అప్పుడు మా అమ్మ లేచింది. వంటింట్లోకి వెళ్ళి నాయనమ్మ మూట విప్పి, గుప్పిట్లో తవుడు తీసుకుని, జనాన్ని తోసుకుంటూ తాత దగ్గరకొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని తెరిచి, అందులో తవుడు పోసింది.

"తాతా, నా కొడుకుని నాకిచ్చీ," అంది. "ఆడు నా బిడ్డ కాడని ఇన్నాళ్ళూ నాకు నానే సెప్పుకున్నాను. ఇప్పుడు ఆణ్ణి నా బిడ్డలాగ పంపించనీ."

తాత ఆ గుప్పిట మూసి గుండెకి ఆనించుకుని, "తీసుకో తల్లీ, నీవాడే," అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు, వినకూడదు కూడా.

కాలేజీలో చేరాక, రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత, లైబ్రరీలో వైద్యచరిత్ర పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఆ పేరు కనబడింది. వెయ్యేళ్ళ కిందట స్పెయిన్ దేశంలో ఒక గొప్ప శస్త్రవైద్యుడు. పేగుతో చేసిన దారంతో శరీరం లోపల కుట్లు వేసినవాడు, కత్తులూ పట్టకార్లూ బొమ్మలు గీసి మరీ పుస్తకం రాసినవాడు, పండు ముసలివాడై పోయినవాడు. పేరులో ఖాసిం ఉంది. దొరికాడురా, గడ్డం నెరిసిన ఖాసిం, అదీ నీలాంటి వాళ్ళని కోసి బాగుచేసే ఖాసిం! కిందికి చదివాను. అబుల్ ఖాసిం అంటే ఖాసిం తండ్రి అని రాసి ఉంది. ఆ కొడుకేమయ్యాడో ఆ పుస్తకంలో లేదు. నా తమ్ముడు వెతికింది ఖాసింని, నాకు దొరికింది ఖాసిం తండ్రి. ఆ సాయంత్రం ఇంటికొస్తే మా నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, గడ్డం పూర్తిగా తెల్లబడి. ఆయన పక్కన చాలాసేపు కూర్చున్నాను. నీలం గోళీకి పేరు పెట్టలేదు.

ఇప్పుడు నాన్న లేడు, నాయనమ్మ లేదు, సాహెబు తాతా లేడు. ఆయన చోట ఫోన్ కవర్లు అమ్మే బండి ఉంది. మా సందులో పిల్లలు నేల మీద కూర్చోరు, గోళీలు ఏ షాపులోనూ దొరకవు. నా దగ్గరే ఉంటున్న అమ్మకి మోకాళ్ళు పోయినా ఏటా దర్గా ఉరుసుకి కొండెక్కడం మానదు. బట్టల షాపులో నేను కూలబడిన మర్నాడే ఈ ఏటి ఉరుసు. ఎందుకో తెలియదు, రేకు డబ్బా కూడా సంచిలో వేసుకుని వెళ్ళాను.

మెట్ల దగ్గర తగరపువలస నుంచి వచ్చిన ఒక కుర్ర జంట బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. ఆ అమ్మాయి చేతిలో చంటిబిడ్డ, అబ్బాయి చేతిలో కొత్త చేట, ప్లాస్టిక్ కవర్లో తవుడు. ముందు పుట్టిన ఇద్దరు పోయారట, ఇంట్లో ముసలమ్మ పంపిందట. తవుడు తెచ్చుకున్నారు గానీ కొనేవాళ్ళు దొరకలేదు. అడిగినవాళ్ళందరూ నవ్వి వెళ్ళిపోయారట.

మా అమ్మ మెట్టు మీద చతికిలబడి కాళ్ళు చాపుకుంది. "ఇలా తే, నాను కొంటాను," అంది.

వద్దమ్మా అనేలోపే ఆవిడ కవర్లోంచి గుప్పెడు తవుడు తీసి ఆ పిల్ల కొంగులో పోసింది, బిడ్డని చేటలో పడుకోబెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "ఏం పేరెడతావు మామ్మా?" అని అడిగింది ఆ పిల్ల. అమ్మ నా వంక చూసి చెయ్యి చాపింది. ఏం అడుగుతోందో చెప్పక్కర్లేకపోయింది. డబ్బా తెరిచి నీలం గోళీ ఇచ్చాను. నలుసంత బిడ్డ నోట్లో పెట్టుకుంటాడని దాన్ని ఆ అమ్మాయి కొంగు చివర అమ్మే ముడివేసి, వంగి బిడ్డ చెవిలో "ఖాసిం" అని మూడుసార్లు చెప్పి, "ముసిలోడైపోవాల నువ్వు, గెడ్డం నెరిసిపోవాల," అంది.

చేట తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం వదల్లేదు. ఒక అంచు తనూ, ఒక అంచు ఆ పిల్లా పట్టుకుని ఉండగా, అమ్మ ఆమె మొహంలోకి చూసి అడిగింది:

"వచ్చే ఏడు ఉరుసుకి ఇక్కడే కూకుంటాను. వచ్చి ఎనక్కి కొనుక్కుంటావు కదా తల్లీ?"